దైవజనుడి మాటే గాయమైనప్పుడు

ఆదివారం వాక్యం చెబుతూ చెబుతూ పాస్టరు ఒక్కసారి ఆగి, ‘ఈ సంఘంలో ఒక ఆకాను ఉన్నాడు’ అంటాడు. పేరు చెప్పడు. యెహోషువ గ్రంథం ఏడో అధ్యాయం తెలిసినవారికి పేరుతో పని లేదు. నిషేధించిన సొత్తును గుడారంలో దాచి ఇశ్రాయేలు అంతటికీ ఓటమి తెచ్చినవాడు ఆకాను. ఇంటిల్లిపాదితో సహా అతణ్ని ఆకోరు లోయకు తీసుకుపోయి రాళ్లతో కొట్టారు. మందిరం పైకప్పుకు వసూలైన కానుకల లెక్క మొన్న గురువారం ఎవరు అడిగారో అందరికీ తెలుసు. తలలు తిరగవు, చూపులు మాత్రం తిరుగుతాయి. మరుసటి వారం ఆ ఇంటావిడ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో ఎవరూ కూర్చోరు. తరువాతి నెల ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకు, రావద్దని కబురు వస్తుంది. క్రిస్మస్ నాటికలో గొర్రెల కాపరి వేషం వేయాల్సిన పిల్లవాడి తలపాగా ఇంకో పిల్లవాడి తలకెక్కుతుంది.

ఇది ఏ ఒక్క సంఘంలోనో జరిగిన సంఘటన కాదు, ఊహించి రాసిన దృశ్యం. కానీ గోదావరి డెల్టాలో ఏ కాలువ గట్టు మీది పేటలో చదివి వినిపించినా ‘ఇది ఫలానా చోట జరిగిందే’ అనేవారు ఒకరైనా ఉంటారు. ఇందులో దెబ్బ లేదు, తిట్టు లేదు, పోలీసులు కాగితం మీద పెట్టగలిగిన నేరం కూడా లేదు. అయినా ఒక కుటుంబం బతుకు తలకిందులైంది. దేవుడి పేరును, వాక్యాన్ని, ప్రార్థనను, కాపరి పదవిని అడ్డం పెట్టుకుని మనిషిని లొంగదీయడాన్ని ఆధ్యాత్మిక వేధింపు అంటారు. డబ్బు గుంజడం, ఎవరు ఎవరిని పెళ్లి చేసుకోవాలో ‘దర్శనం’ పేరుతో తేల్చడం, విశ్వాసం ఉంటే షుగరు మాత్ర మానేయమనడం, కన్నీళ్లతో చెప్పుకున్న రహస్యాన్ని మరుసటి ఆదివారం ప్రసంగంలో ఉదాహరణగా వాడుకోవడం, చివరికి లైంగిక దోపిడీ, అన్నీ నడిచి వచ్చే దారి ఇదే.

గట్టిగా గద్దించే ప్రతి ప్రసంగమూ వేధింపు కాదు. పాపం గురించి నిక్కచ్చిగా మాట్లాడే కాపరి ఉండవచ్చు, క్రమశిక్షణ కఠినంగా ఉండే సంఘం ఉండవచ్చు. తేడా తెలుసుకోవడానికి ఒక ప్రశ్న చాలు: అక్కడ పాస్టరును లెక్క అడిగి, ఆయన మాటతో విభేదించి, మరుసటి ఆదివారం అదే కుర్చీలో మర్యాదగా కూర్చోగలరా? కూర్చోలేరంటే అక్కడ నడుస్తున్నది కాపరితనం కాదు.

‘అంత బాధ అయితే ఆ సంఘం మానేయవచ్చుగా’ అని బయటివాళ్లు తేలిగ్గా అనేస్తారు. పట్నంలో అయితే మానేయవచ్చు. బస్సెక్కితే ఇంకో మందిరం. డెల్టా పల్లెలో సంగతి వేరు. 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురం కేంద్రంగా సువార్త పని మొదలుపెట్టిన నాటి నుంచి, రాజమండ్రి వైపు లూథరన్లు, కాకినాడ వైపు కెనడా బాప్టిస్టులు వచ్చి స్థిరపడిన కాలం మీదుగా, ఈ ప్రాంతపు మాల మాదిగ పేటల్లో మందిరం ప్రార్థన చేసుకునే చోటుగా మాత్రమే మిగల్లేదు. ఊరి గుడి మెట్లెక్కనివ్వని రోజుల్లో పేరు పెట్టి పిలిచిన చోటు అది. తాత అక్షరాలు దిద్దింది అక్కడే. పెళ్లి జరిగేది, బిడ్డను ప్రతిష్ఠించేది, చీటీపాట మాట్లాడుకునేది, ఆస్పత్రిలో పడితే పడక దగ్గరకు వచ్చి నిలబడే నలుగురూ దొరికేది అక్కడే. అలాంటి చోటు వదిలిపొమ్మంటే పేటలో ఉంటూనే పేట వదిలిపొమ్మన్నట్టు.

పైగా చావు ఉంది. అంగుళం ఖాళీ లేకుండా వరి, కొబ్బరి పరుచుకున్న నేలలో, రెండు మూరలు తవ్వితే నీరూరే చోట, సమాధుల తోటకు కాస్త మెరక జాగా దొరకడమే గగనం. ఆ తోట తాళం, సమాధి కార్యక్రమం జరిపే పాస్టరు, మోసే నలుగురు, ఈ మూడూ ఒకే చేతిలో ఉంటే, ‘రేపు మీ నాన్న పోతే ఎవరొస్తారో చూస్తాను’ అన్న ఒక్క మాట ఎంతటివాణ్ని అయినా కూర్చోబెడుతుంది. పెళ్లి విషయంలో ఈ బెదిరింపుకు అంత బలం లేదు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న పాస్టర్లతో పాటు ప్రభుత్వం నియమించిన వివాహ రిజిస్ట్రారు కూడా పెళ్లి జరపవచ్చు; 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఎలాగూ ఉంది. చావుకు మాత్రం అలాంటి పక్కదారి చట్టంలో దొరకదు, మనుషుల్లోనే వెతుక్కోవాలి. వేధింపుకు గురైన కుటుంబానికి తోడు నిలవాలనుకునేవారు ముందుగా ఇవ్వదగిన మాట కూడా అదే: ‘మీ ఇంట్లో ఏం జరిగినా మేం నలుగురం వస్తాం.’

కోనసీమలో దీనికి గల్ఫ్ కూడా తోడైంది. రాజోలు, అమలాపురం చుట్టుపక్కల నుంచి కువైట్‌కు, ఇతర గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఎందరో. సేఠ్ ఇంట్లో అర్ధరాత్రి దాకా పనిచేసే మనిషికి ఫోనులో తెలుగులో ప్రార్థన చేసే గొంతు ఎంత ఆసరానో చెప్పనక్కర్లేదు. ఆ గొంతే ‘దశమభాగం (ఆదాయంలో పదో వంతు కానుక) ఆపితే నీ పిల్లల మీద కాపుదల తొలగిపోతుంది’ అన్నప్పుడు ఆమె ఎవరిని అడగాలి? పిల్లలున్నది అదే పాస్టరు ఉన్న ఊళ్లో. జీతం అందగానే మొదటి వాటా ఎవరికి వెళుతుందో ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. దశమభాగం గురించి మలాకీ మూడో అధ్యాయం చదివినంత తరచుగా ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయం చదవరు; మూడేళ్లకోసారి ఆ భాగం మందిర సేవ చేసే లేవీయులతో పాటు పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాళ్లకు కడుపు నిండా పెట్టాలని అక్కడ రాసి ఉంది. ఆ లెక్కన కువైట్‌లో ఉన్న తల్లి పుచ్చుకోవలసిన వరుసలో ఉంటుంది.

గాయపడిన మనిషి లోపల ఏం జరుగుతుందో తెలియకుండా సాయం చేయబోతే పుండు మీద కారం చల్లినట్టే. భర్త కొడితే దేవుడికి చెప్పుకోవచ్చు, అప్పులవాడు తిడితే దేవుడికి చెప్పుకోవచ్చు. దేవుడి పేరుతోనే కొట్టినప్పుడు చెప్పుకునే చోటే పోతుంది. మోకాళ్లూనితే ఆ పాస్టరు గొంతే వినిపిస్తుంది. బైబిలు తెరిస్తే ఆయన ఎర్ర పెన్సిలుతో గీతలు గీయించిన వచనాలే కళ్లబడతాయి. చిన్నప్పుడు అమ్మ ఒళ్లో నేర్చుకున్న కీర్తన రెండో చరణం దగ్గర గొంతు పూడుకుపోతుంది. మైకు టెస్టింగ్ వినిపిస్తే కడుపులో తిప్పేవారున్నారు. పిల్లవాడికి జ్వరం వస్తే ‘ఆయన శపించాడు కదా’ అన్న ఆలోచన రాకుండా ఆపలేనివారున్నారు, బీయస్సీ చదివినవారైనా సరే. నిద్ర పట్టకపోవడం, ఉలికిపాటు, తనను తాను నిందించుకోవడం, చచ్చిపోవాలనిపించడం. ఇవన్నీ పెద్ద ప్రమాదం నుంచి బయటపడినవారిలో కనిపించే లక్షణాలే. ‘సాతాను శోధన’ అని పేరు పెట్టి మళ్లీ అదే మనిషి దగ్గరకు ప్రార్థనకు పంపడం కంటే అన్యాయం ఉండదు.

అందుకే మొదటి గంట చాలా కీలకం. బాధితురాలు నోరు విప్పి చెబుతున్నప్పుడు వినేవారు అనకూడని మాటలు కొన్ని ఉన్నాయి, దురదృష్టం ఏమిటంటే మన నోటికి ముందుగా వచ్చేవి అవే. ‘క్షమించెయ్యమ్మా, ప్రభువు చూసుకుంటాడు’ అనే మాట వినడానికి మెత్తగా ఉంటుంది. చెప్పింది ఇక చాలని దాని అర్థం. ‘మాకు ఆయన సంగతి ఎప్పుడో తెలుసు’ అంటే, తెలిసీ తనను హెచ్చరించలేదని ఆమెకు అర్థమవుతుంది. ‘నువ్వెందుకు వెళ్లావు, నువ్వెందుకు ఇచ్చావు’ అన్న ప్రశ్నలు ఆమె తనను వెయ్యిసార్లు వేసుకున్నవే. అనవలసినవి తక్కువ. నువ్వు చెబుతున్నది నమ్ముతున్నాను. ఇది నీ విశ్వాసలోపం కాదు. నువ్వు చెప్పమంటే తప్ప ఎవరికీ చెప్పను. ఆ తరువాత ఊరుకుని వినడమే. మరిచిపోకముందే తేదీలు, మాటలు, ఇచ్చిన డబ్బు, ఫోను సందేశాలు ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకోమనవచ్చు. ఫిర్యాదు చేసినా చేయకపోయినా అది పనికొస్తుంది. కొన్నాళ్లకు ‘ఇదంతా నేనే ఊహించుకున్నానా’ అన్న అనుమానం వస్తే ఆ పుస్తకమే సాక్ష్యం చెబుతుంది.

సాయం చేసేవారు జారిపడే గుంట ఒకటుంది. ఇన్నాళ్లూ ఆమె తరఫున పాస్టరు నిర్ణయించాడు. ఇప్పుడు మంచిమనసుతో వీళ్లు నిర్ణయించడం మొదలుపెడతారు. ‘రేపే కేసు పెడదాం’, ‘వచ్చే వారం మా మందిరానికి రా’, ‘ఇక దేవుడూ లేడు దయ్యమూ లేదు, వదిలెయ్’. మూడూ ఒకటే. పీట మీద మనిషి మారాడు, పీట అక్కడే ఉంది. కేసు పెట్టాలా, సంఘం మారాలా, విశ్వాసం ఉంచుకోవాలా అన్నది ఆమె తేల్చుకోవాలి, ఎన్నాళ్లు పట్టినా. కొందరు మళ్లీ ఎప్పటికీ మందిరం గడప తొక్కరు. కొందరు రెండేళ్లకు ఇంకో మందిరంలో వెనక వరుసలో, గుమ్మానికి దగ్గరగా కూర్చుంటారు. ముందుకు రమ్మని ఎవరూ చేయి పట్టి లాగకపోతే చాలు.

‘పెద్దల్లో పెట్టడం’ అనే అలవాటు గురించి కూడా చెప్పుకోవాలి. సంఘ పెద్ద ఇంటి అరుగు మీద ఒకవైపు పాస్టరు, ఒకవైపు ఆమె, మధ్యలో టీ గ్లాసులు. చివర్లో ప్రార్థన, ‘సమాధానం’. మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయం ప్రకారమే చేస్తున్నామంటారు. ఆ అధ్యాయంలో చెప్పింది ఒక సహోదరుడు మరొక సహోదరుడి తప్పు చెప్పడం గురించి, ఇద్దరూ సమానంగా నిలబడి మాట్లాడుకోవడం గురించి. అక్కడ కూడా మాట వినకపోతే సంఘమంతటికీ చెప్పమనే ఉంది, అరుగు మీద ముగించమని లేదు. పెద్దల మీది ఫిర్యాదు గురించి సూటిగా చెప్పేది తిమోతికి రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయం: ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే స్వీకరించాలి, తప్పు రుజువైతే అందరి ఎదుట గద్దించాలి. మొదటి సగం చదివి ‘సాక్షులేరీ’ అనడం అందరికీ వచ్చు. రెండో సగం చదివినవారు అరుదు.

వచనాల సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగడం అవసరం. ఎందుకంటే ఆమెను కట్టేసిన తాళ్లు అవే, విప్పడమూ అక్కడి నుంచే మొదలవుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా వాడేది నూట అయిదో కీర్తన పదిహేనో వచనం. అభిషేకించినవారిని ముట్టకూడదు, ప్రవక్తలకు కీడు చేయకూడదు అన్న మాట. పాస్టరును ప్రశ్నిస్తే చేయి ఎండిపోతుందన్నంత భయంగా దాన్ని చెబుతారు. దానికి ముందు మూడు వచనాలు చదివితే కథ తిరగబడుతుంది. అక్కడ అభిషిక్తులంటే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కుటుంబాలు. లెక్కకు కొద్దిమంది, పరాయి దేశంలో పరదేశులు, ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి తిరిగేవాళ్లు. ముట్టవద్దని దేవుడు గద్దించింది ఎవరిని? రాజులను. అధికారం ఉన్నవాడు అధికారం లేనివాడి మీద చేయి వేయకూడదన్న వచనాన్ని, అధికారం ఉన్నవాడి మీద ఎవరూ నోరెత్తకూడదన్న వచనంగా మార్చేశారు. ఈ ఒక్క సంగతి పక్కన కూర్చుని, బైబిలు ఆమె చేతిలోనే పెట్టి, ఆమె చేతే చదివించి చూడండి. ఉపదేశం ఏమీ అక్కర్లేదు.

‘విశ్వాసి కోర్టుకు వెళ్లకూడదు’ అనడానికి కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఆరో అధ్యాయం చూపిస్తారు. అక్కడ పౌలు మాట్లాడుతున్నది ఈ జీవన సంబంధమైన చిన్న వ్యాజ్యాల గురించి. నేరం సంగతి రోమా పత్రిక పదమూడో అధ్యాయంలో ఉంది. కీడు చేసేవారిని శిక్షించడానికే అధికారులు ఉన్నారని అక్కడ రాసింది ఆ పౌలే. ఇక యోహాను మూడో పత్రికలో దియొత్రెఫే అనే పెద్దమనిషి కనిపిస్తాడు. అందరిలో తానే ముందుండాలన్న ఆశ, వదరుబోతు మాటలు, తనకు గిట్టనివారిని సంఘం నుంచి వెలివేయడం. ఒక్క పేజీ పత్రికలో ఆ మనిషి పేరు పెట్టి మరీ రాశారు. రెండు వేల ఏళ్లుగా చదువుతున్న పుస్తకంలో ఉన్నదే, ప్రసంగాల్లో మాత్రం ఎందుకో వినబడదు.

డెల్టాకు సొంతమైన జ్ఞాపకం కూడా ఒకటుంది. నరసాపురం వచ్చిన ఆ మొదటి మిషనరీలు బ్రదరన్ వర్గం వారు. ప్రత్యేకంగా అభిషేకం పొందిన పాదిరి ఉండకూడదని, సహోదరులందరూ సమానమని, పెద్దలు ఒక్కరు కాక పలువురు ఉండాలని వారి సిద్ధాంతం. ఆచరణలో పలువురు పెద్దలు కలిసి కూడా ఒకరిని అణచగలరు, అది వేరే మాట. అయినా ఒక్క మనిషి చేతిలో మైకు, ఖజానా, స్థలం పట్టా, ప్రవచనం అన్నీ పెట్టే ఇప్పటి స్వతంత్ర మందిరాల పద్ధతి ఈ నేలకు అనాదిగా వచ్చిన ఆచారమేమీ కాదని చెప్పడానికి ఆ చరిత్ర చాలు.

చట్టం ఎంతవరకు ఆదుకుంటుంది? కొంతవరకే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 354వ సెక్షన్ చాలామందికి తెలియదు. చట్టప్రకారం చేయనక్కర్లేని పనిని ఒకరి చేత చేయించడానికి, ‘నువ్విది చేయకపోతే నేను నిన్ను దైవకోపానికి గురిచేస్తాను’ అని నమ్మించడం నేరం. ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 1860 నాటి శిక్షాస్మృతిలో 508గా ఉన్నదే ఇది. ఇరుకు సెక్షన్, దేవుడికి కోపం వస్తుందని ఊరికే అంటే సరిపోదు, తన చేతల వల్లే ఆ కోపం వచ్చిపడుతుందని బెదిరించాలి. పైగా మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. కానీ ‘శాపం పెడతాననడం కూడా నేరమే’ అని తెలిసినప్పుడు ఆమె ముఖంలో వచ్చే మార్పు కోసమైనా ఆ సెక్షన్ నంబరు గుర్తుంచుకోవాలి. మోసం, నమ్మకద్రోహం, బెదిరింపు, అధికార స్థానాన్ని ఆసరా చేసుకుని లైంగిక సంబంధానికి లొంగదీసుకోవడం, వీటికి విడిగా సెక్షన్లున్నాయి.

పిల్లల విషయంలో మీనమేషాలు లెక్కపెట్టే వీలే లేదు. 2012 నాటి పోక్సో చట్టం మతసంస్థ నిర్వాహకులు, సిబ్బంది అక్కడి బిడ్డపై చేసే లైంగిక దాడిని తీవ్ర నేరంగా చూస్తుంది. తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి; చెప్పకపోతే ఆరు నెలల దాకా, సంస్థ బాధ్యుడు తన కింది మనిషి నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు. ‘సంఘం పరువు’ అన్న మాటకు ఆ చట్టంలో చోటు లేదు. 1098కు ఫోను చేయవచ్చు, ఆడవాళ్లకు 181 ఉంది. న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100; 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, షెడ్యూల్డ్ కులాల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

ఇక్కడే డెల్టాలో ఒక మెలిక ఉంది, పైకి ఎవరూ అనరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే షెడ్యూల్డ్ కుల హోదా. క్రైస్తవం తీసుకున్న దళితులు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ–సి కిందికి వస్తారు. మందిరానికి వెళుతూ కాగితాల్లో హిందువుగానే ఉన్న కుటుంబాలు ఎన్నో. స్టేషనులో ‘నేను ఫలానా సంఘంలో బాప్తిస్మం తీసుకున్న సభ్యురాలిని’ అని వాంగ్మూలం ఇవ్వడమంటే కొడుకు కుల ధ్రువపత్రం మీదికి తెచ్చుకోవడమేమోనన్న భయం ఆమెను వెనక్కి లాగుతుంది. ఈ భయాన్ని పాస్టరు నోటితో అననక్కర్లేదు, అందరికీ తెలుసని ఆయనకూ తెలుసు. తోడు వెళ్లేవారు ఫిర్యాదు రాసే ముందు ఈ సంగతి లాయరుతో విడిగా మాట్లాడాలి.

సంఘాల లోపలి దారులు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. దక్షిణ ఇండియా సంఘంలో కృష్ణా–గోదావరి డయాసిస్ (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం) ఉంది, లూథరన్లకు సినడ్లున్నాయి, ఎవరికి రాయాలో కనీసం తెలుస్తుంది. కతోలిక సంఘంలో పోప్ ఫ్రాన్సిస్ 2019లో తెచ్చిన నియమాలు 2023లో శాశ్వతమయ్యాయి. మైనర్లు, నిస్సహాయులైన పెద్దలపై లైంగిక అకృత్యాలను, పదవిని అడ్డం పెట్టుకుని లొంగదీసుకోవడాన్ని, వాటిని బిషప్పులు కప్పిపుచ్చడాన్ని కూడా అవి పట్టించుకుంటాయి. స్వతంత్ర మందిరానికి పైన ఎవరూ లేరు. మండల పాస్టర్ల సహవాసం ఉంటుంది. అది మందలిస్తే మందలిస్తుంది, లేకపోతే లేదు. అయితే ఆ మందిరం సొసైటీగా రిజిస్టరై ఉంటే దానికి నియమావళి, సభ్యులు, లెక్కలు ఉండాలి. ఆ కాగితం నకలు సంపాదించడం పది ప్రార్థనా కూటాల కంటే ఎక్కువ పని చేస్తుంది.

మనసుకు వైద్యం గురించి పేటల్లో ఇంకా జంకు ఉంది. 14416కు ఫోను చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవలో తెలుగులో మాట్లాడేవారు దొరుకుతారు, ఖర్చు లేదు. చచ్చిపోవాలన్న మాట ఆమె నోట వస్తే ఆ పూటే ఫోను చేయించాలి. మాత్రలు మానేసినవారిని మళ్లీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడం అన్నిటికన్నా ముందు పని. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

‘ఇవన్నీ బయటపెడితే మన మతం గిట్టనివాళ్లకు ఆయుధం ఇచ్చినట్టు కదా’ అని సంఘాల్లో మెల్లగా అంటారు. ఆ భయానికి కారణాలు లేకపోలేదు. ఆమె గోడును వీడియో తీసి మతం మీద దాడికి వాడుకునేవారు నిజంగానే ఉంటారు, వారికి ఆమెతో పని లేదు, రెండోసారి దోచుకోవడమే. కానీ దాచిపెట్టిన ప్రతి సంగతీ ఒకనాటికి వారి చేతికే చిక్కుతుంది. సొంత సంఘం వినని మనిషే బయటి కెమెరా ముందుకు వెళుతుంది.

వారం మొత్తంలో కష్టమైన వేళ ఆదివారం ఉదయం పది గంటలు. పేటంతా తెల్లబట్టలతో మందిరానికి నడుస్తుంది. కాలువ అవతలి నుంచి మైకులో పాట వస్తుంది. ఆ గొంతుల్లో తోడికోడలు గొంతు ఏదో, చిన్ననాటి స్నేహితురాలి గొంతు ఏదో ఇంట్లో కూర్చున్న ఆమెకు వేరుగా తెలుస్తుంది. సాయం చేయాలనుకునేవారు ఫిర్యాదు సంగతి సోమవారం చూసుకోవచ్చు. ఆ గంటకు మాత్రం వెళ్లి, చింతచిగురు ఒలుస్తూనో, పిల్లవాడి జట్టు కబుర్లు వింటూనో, పాట అయిపోయేదాకా ఆమె పక్కన కూర్చోవాలి.